తిత్తివాద్యము: సంప్రదాయము, ప్రయోగము

స్కాట్లండు దేశపు బ్యాగుపైపు అనగానే మనవారికి జ్ఞప్తికి వచ్చునది సైనికుల కవాతు. ఆంగ్ల పటాలములతో మన దేశమునకు వచ్చిన ఆ వాద్యము, 1947లో ఆ ప్రభుత్వము తొలగిపోయినను, మన సైనిక వాద్యబృందములలో నేటికిని నిలిచియున్నది. కావున దానిని పాలకుల వాద్యమని తలంచుట సహజమే కాని న్యాయము కాదు. 1746లో కల్లోడెన్ యుద్ధమున హైలండు సేనలు ఓడిన పిమ్మట, జేమ్సు రీడ్ అను వాద్యకారుని విచారించిన న్యాయస్థానము, అతని వాద్యమే యుద్ధసాధనమని నిర్ణయించినది. యార్కు నగరమున అతనిని ఉరితీసిరి. అట్టి వాద్యమునే తరువాత పాలకులు తమ సేనల ముందు నడిపించుకొనిరి.

కచేరీ వేదికపై ప్రత్యక్షముగ విన్నప్పుడే దాని నిజస్వరూపము తెలియును. గాలి నిండిన తిత్తి, స్వరములు పలుకు గొట్టము ఒకటి, ఎడతెగక శ్రుతి నిచ్చు గొట్టములు మూడు: ఇంతే దాని సంపద. పలుకునవి 9 స్వరములు. ధ్వనిని హెచ్చించుటకు గాని, తగ్గించుటకు గాని, నడుమ క్షణమాత్రము ఆపుటకు గాని వీలులేదు. ఈ లోపమునుండియే అక్కడి విద్వాంసులు ఒక మహాకళను సాధించిరి. స్వరముల నడుమ మెరుపువలె దొరలు అనుస్వరములతోనే వారు ఊనికను, విరామమును స్ఫురింపజేయుదురు. పీబ్రోఖ్ అను ప్రౌఢసంగీతమున మూలమగు వరుస మందగతిని మొదలై, క్రమముగ జటిలమగు భేదములుగ విస్తరించి, తుదకు మరల మూలమును చేరును. స్కై ద్వీపమున మెక్రిమన్ వంశీయులు తరతరములుగ ఈ విద్యకు ప్రసిద్ధులు. గురువు నోట పలికిన అక్షరములను శిష్యుడు కంఠస్థము చేయుటయే అభ్యాసపద్ధతి. మృదంగపు జతులను నోట నేర్చు మనవారికి ఇది క్రొత్త కాదు.

ఇట్టి విద్యకు ప్రయోగములు చేటు తెచ్చునని కొందరి భయము. అది నిరాధారము కాదు. యంత్రపు మ్రోతను ప్రక్కన చేర్చి నవ్యతయని చాటుకొనుట సులభము. కాని మార్టిన్ బెన్నెట్ చేసినది అది కాదు. వాద్యము చేతబట్టలేని రోగస్థితిలో అతడు జానపదుల పాత గాత్రములను యంత్రలయలతో మేళవించి 2003లో 'గ్రిట్' అను ధ్వనిముద్రణమును వెలువరించెను; 2005లో 33వ యేట మరణించెను. 2015 జనవరిలో గ్లాస్గో నగరపు కెల్టిక్ కనెక్షన్స్ ఉత్సవమున, గ్రెగ్ లాసన్ ఆ కృతిని మహావాద్యబృందమునకు అనువుగ రచించి ప్రత్యక్షముగ వినిపించెను. జానపద, శాస్త్రీయ, జాజ్ వాద్యకారులు అందు కలిసి వాయించిరి. స్కై ద్వీపమున పుట్టిన బ్రీచ ఖేంబల్ అను యువతి నోటితో ఊదక, కొలిమితిత్తులతో గాలి నింపు చిన్న వాద్యమును వాయించును. 2023లో వెలువడిన ఆమె సంగీతసంపుటమున శాక్సోఫోను విద్వాంసుడు కాలిన్ స్టెట్సన్ తోడు వాయించెను. ఆమె ప్రయోగము శ్రుతిని వీడి పోలేదు. ఆ శ్రుతినాదమునే సంగీతమునకు ప్రాణముగ చేసినది.

కావున మన తీర్పు ఇది. సంప్రదాయము నెరిగినవాని ప్రయోగమును స్వాగతింపవలెను. నేర్వక చేయుదానిని ఉపేక్షింపవలెను. స్కాట్లండువారు రెంటిని పోషించుచున్నారు. పీబ్రోఖ్ పోటీలు నేటికిని జరుగుచున్నవి. గ్లాస్గోలో 1996 నుండి జాతీయ వాద్యకేంద్రము విద్య నేర్పుచున్నది. ఆ నగరముననే ప్రయోగములకును సభలు నిండుచున్నవి.

మన వీథిభాగవతులకు శ్రుతి నిచ్చిన మేకతోలు తిత్తి సంగతి యేమి? హార్మోనియము, విద్యుత్తుతో పలుకు శ్రుతిపెట్టె దానిని మూలకు నెట్టినవి. దానిని పట్టగల వృద్ధులు ఎక్కడెక్కడ మిగిలియున్నారో విచారించి, ఉత్సవములకు పిలిచి, తగిన సంభావన నిచ్చి, వారియొద్ద ఇద్దరు పిల్లలను కూర్చుండబెట్టుట గ్రామపెద్దలకు భారము కాదు. నేర్చిన ఆ పిల్లలు రేపు క్రొత్తబాణీలు కట్టినచో వారిని అడ్డగింపకుండుటయు మన ధర్మమే.