పూసే ముందే చెప్పాలి

ఫ్లోరైడు మాట వింటేనే నల్లగొండ జిల్లావాసులు బెదరడంలో వింత లేదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఏళ్ల తరబడి బోరునీళ్లు తాగి పళ్లు గారపట్టి, నడుములు వంగిన వారిని చూసిన జిల్లా ఇది. అయితే పళ్ల డాక్టరు పంటిపై పూసే ఫ్లోరైడు సంగతి వేరు. అది పిప్పిపన్ను ముదరకుండా కాపాడుతుంది. చిక్కల్లా ఇదివరకే పన్నులో పెట్టించుకున్న సిమెంటుతోనే.

ఆమ్లం కలిసిన ఫ్లోరైడు జెల్లు పంటిరంగు సిమెంటులోని గాజుపొడిని తినేసి పైభాగాన్ని గరుకు చేస్తుంది. ఆ గరుకులో టీ, కిళ్లీ మరకలు సులువుగా పడతాయి. ఆమ్లం లేని సోడియం ఫ్లోరైడుతో ఈ బెడద తక్కువ.

వెండి కలిసిన సిల్వర్ డయమైన్ ఫ్లోరైడు మరో రకం. మిషను పెట్టి తొలిచే పని లేకుండా పిల్లల పిప్పిపన్నును ఆపుతుంది. పల్లెలకు ఇంతకంటే అనువైన మందు లేదనే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. కాని పుచ్చిన చోటు బొగ్గులా నల్లబడుతుంది, పక్కనున్న తెల్ల సిమెంటుకూ ఆ నలుపు అంటవచ్చు.

ఆడపిల్ల ముందుపన్ను నల్లబడ్డాక తల్లికి నచ్చజెప్పడం కాదు, పూయకముందే చెప్పి ఒప్పించాలి. శిబిరాల్లో ఎంత రద్దీ ఉన్నా డాక్టర్లు ఈ రెండు ముక్కలూ మింగేయకూడదు. సిమెంటు పన్ను ఉందని మనమూ కుర్చీలో కూర్చోగానే చెబితే ఆమ్లం లేని రకం వాడడానికి వారికి వీలుంటుంది.