తండ్రీ కొడుకులు చేసిన గిటారు

మన పాఠశాలలలో చేతిపని తరగతికి ఉన్న గౌరవమెంతటిదో ఉపాధ్యాయ మిత్రులకు నేను వేరే చెప్పనక్కరలేదు. లెక్కల పాఠం మిగిలిపోతే ముందుగా కోతపడేది ఆ గంటకే. మా చిన్ననాటి బడిలో తకిలీ తిప్పించే మాష్టారొకరుండేవారు. పరీక్షలు దగ్గరపడగానే ఆయన పిల్లలను లెక్కలవారికి అప్పగించి, వరండాలో ఒంటరిగా కూర్చుని తానే నూలు వడుకుకొనేవారు. ఆనాడు మేము నవ్వుకొన్నాము. ఇప్పుడా నవ్వు రాదు.

ఆయనను మళ్లీ జ్ఞప్తికి తెచ్చినది ఒక గిటారు. విద్యుత్ గిటారనగానే నొసలు చిట్లించే పెద్దలు కొందరున్నారు, చిట్లించుకోనీయండి. నేను ముచ్చటించబోయేది దాని మోతను గురించి కాదు, పుట్టుకను గురించి.

1963లో, లండనుకు పడమటనున్న ఫెల్థమ్‌లో, బ్రయన్ మే అనే పదహారేళ్ల కుర్రవాడు విద్యుత్ గిటారు కావాలని ముచ్చటపడ్డాడు. అంగళ్లలో ఫెండర్, గిబ్సన్ గిటార్లున్నవి; కొనే తాహతు ఆ ఇంటికి లేదు. తండ్రి హెరాల్డ్ మే ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఇంజనీరు. కొనలేనిదానిని చేయవచ్చునని ఆ ఇద్దరూ నిశ్చయించుకొన్నారు. పని ముగియడానికి దాదాపు రెండేళ్లు పట్టింది.

వారు సేకరించిన సామగ్రి చూడండి! మెడకు దొరికినది, ఒక పాత ఇంట్లో చలికాచుకొనే పొయ్యిగూటికి అమర్చిన మహాగని కొయ్య. నూరేళ్లు దాటిన ఆ కొయ్యలో పురుగు తొలిచిన రంధ్రాలుంటే వాటిని అగ్గిపుల్లలతో పూడ్చారు. ఒడలికి పాత బల్ల తాలూకు ఓక్ కొయ్య. మెడమీద గురుతులకు చొక్కా బొత్తాల ముత్యపుచిప్ప. స్వరాన్ని ఊగించే మీటకు సైకిలు సంచిని మోసే కమ్మీ, దాని కొసకు అల్లికసూది తునక. ఆ మీట వంచిన తీగలను తిరిగి యథాస్థానానికి లాగడానికి పాత మోటారుసైకిలు వాల్వు స్ప్రింగులు రెండు. పారవేయదగిన వస్తువంటూ ఆ ఇంట ఏదీ మిగలలేదు కాబోలు!

అయితే పాతసామాను పోగుచేసినంత మాత్రాన వాద్యం కాదు. దాని మెట్ల సంగతి వినండి. మన వీణకు ఇరవైనాలుగు మెట్లు. చిత్రంగా ఈ గిటారుకూ అన్నే. వీణ మెట్లను మైనంమీద నిలిపి, చెవితో సరిచూచి బిగిస్తారు. గిటారు మెట్లను కొయ్యలో గాడి కోసి దిగగొట్టవలె. పిమ్మట జరపడానికి వీలుండదు. కనుక ముందే గణితం కావాలి. ఒక స్థాయిని పన్నెండు సమభాగాలు చేసినప్పుడు, ఒక్కొక్క మెట్టుకు తీగ పొడవు ఒకే నిష్పత్తిలో తగ్గుతూ పోతుంది. 24 అంగుళాల తీగకు మొదటి మెట్టు సుమారు 1.35 అంగుళాల దూరాన, పన్నెండవది సరిగ్గా సగాన, ఇరవైనాలుగవది 18 అంగుళాల దగ్గర. రంపం కొద్దిగా పక్కకు జరిగినా ఆ తప్పును చెవి పట్టేస్తుంది. గుణశ్రేఢి ఎందుకండీ అని అడిగే విద్యార్థికి ఇంతకు మించిన జవాబు నాకు తెలియదు.

ఓటమి కూడా లేకపోలేదు. తీగల కదలికను విద్యుత్తుగా మార్చే పికప్పులను బ్రయన్ తానే అయస్కాంతాలతో చేశాడు. తీగను పక్కకు వంచి వాయిస్తే అవి వికారంగా పలికాయి. చివరకు బర్న్స్ కంపెనీవి కొని బిగించాడు. ఇందులో చిన్నతనమేమీ లేదు. తన చేయి ఎంతవరకు పోగలదో పనిచేసిన వాడికే తెలుస్తుంది. ఆపై మెరుగు. పూత పూయడం, ఆరనివ్వడం, గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ పూయడం. ఆ ఎరుపుతోనే దానికి రెడ్ స్పెషల్ అని పేరు వచ్చింది.

ఆ తండ్రి ఇంజనీరు గనుక సాగిందని మీరనవచ్చు. నిజమే. మన విద్యార్థుల తండ్రులందరూ ఇంజనీర్లు కారు. అందుకే గదా బడి ఉన్నది!

అసలు చిక్కు తరువాత వచ్చింది. బ్రయన్ ఇంపీరియల్ కళాశాలలో ఖగోళశాస్త్ర పరిశోధన చేస్తూ, మధ్యలో విడిచిపెట్టి, క్వీన్ అనే తన వాద్యబృందంతో వెళ్లిపోయాడు. గిటారు చేసిపెట్టిన తండ్రే ఆ పనికి మండిపడ్డాడు. కొంతకాలం ఇద్దరికీ మాటలే కరువైనవి. ఈ ఘట్టం దగ్గర నేనెవరి పక్షమో చెప్పడం కష్టం. ఇంత చదువు చదివి ఇదేమిటని మంచి విద్యార్థులను మందలించిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. పనిముట్టు చేతికిచ్చిన తరువాత, అది పట్టుకొని వాడెటు పోవాలో కూడా మనమే నిర్ణయించాలనుకొంటాము.

తుదకు కొడుకు తల్లిదండ్రులను న్యూయార్కుకు రప్పించుకొన్నాడు. మేడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వేలాది జనం నడుమ, ఇంటిగదిలో తాను కూడా చేయివేసి చెక్కిన గిటారు మోగుతూండగా హెరాల్డ్ విన్నాడు. విన్న తరువాత కొడుకు దారిని ఒప్పుకొన్నాడు. వదిలివేసిన పరిశోధనను బ్రయన్ పూర్తిచేసి 2007లో డాక్టరేటు కూడా అందుకొన్నాడు. అది చూడడానికి తండ్రి లేడు.