కొత్త బడిలో మొదటి వారం

జూన్ మాసంలో బడులు తెరిచినప్పుడు ఆదోనిలోగాని, ఎమ్మిగనూరులోగాని ఏ పాఠశాల ముందు నిలిచినా ఏడ్చే పిల్లలు కనిపిస్తారు. "నాలుగు రోజులు పోతే వాడే అలవాటు పడతాడు" అనడం మన పెద్దల వాడుక. చాలామంది విషయంలో అది నిజమే. కాని ఏడవని పిల్లవాని మాటేమిటి? వెనుక బెంచీలో నోరు మెదపక కూర్చున్నవానిని బుద్ధిమంతుడని మెచ్చుకొంటాము. వానికి పాఠమే అర్థం కాలేదన్న సంగతి అర్ధ సంవత్సర పరీక్షలదాకా బయటపడదు.

మన ప్రాంతంలో ఈ చిక్కుకు భాషే ముఖ్య కారణమని మా అభిప్రాయం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. నేటికీ ఇచ్చటి వీధులలో తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ కలిసే వినిపిస్తాయి. పత్తి బజారులో ఈ మూడూ వచ్చినవానికి లాభమే. ఉర్దూ మాధ్యమంలో ఐదు తరగతులు చదివి, ఆరవ తరగతికి తెలుగు మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చేరిన బాలిక స్థితి వేరు. నిన్నటివరకు ఆమె చేయి కుడినుండి ఎడమకు సాగింది. ఇప్పుడు పుస్తకం తెరిచే వైపే మారిపోయింది. ఆమెకు గుణకారం చేయడం వచ్చు. 'గుణకారం' అన్న మాట రాదు, ఆమెకు తెలిసినది 'జర్బ్'. లెక్కలు రాని పిల్ల అని ముద్ర వేయడానికి ఆ మాత్రం చాలదా! హాజరు పిలిచేటప్పుడు ఆమె పేరు తప్పుగా పలికి, తరగతి అంతా నవ్విందంటే, మరునాడు ఆమె రాకపోవడంలో వింత లేదు.

మరికొందరికి పాత బడే కొత్త బడి అవుతుంది. పత్తి పనులు ముగియగానే ఈ పశ్చిమ మండలాలనుండి కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతకు వలసపోవడం మనకు తెలిసినదే. వారితో పోయి వచ్చిన పిల్లవానికి బెంచీ మీద తన చోటు ఉండదు. పాఠాలు ఎంతో ముందుకు పోయి ఉంటాయి. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, చదువు ఆగిన పిల్లలను వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ ఇవ్వవలెనన్నది. బదిలీ పత్రం ఆలస్యమైనదని చేర్చుకొనడం మానరాదన్నది. పిల్లలను కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని నిషేధించింది. అయినా మన ఇళ్ళలో "అల్లరి చేస్తే సారుకు చెప్పి కొట్టిస్తా" అన్న బెదిరింపు పోలేదు. బడి తెరవకముందే బిడ్డలో బడిభయం నాటేది మనమే.

తల్లిదండ్రులు ముందుగా ఒకసారి బిడ్డను బడికి తీసుకొనిపోయి తరగతి గది, మంచినీళ్ళ కుళాయి, మరుగుదొడ్డి చూపితే ఎంతో మేలు. మరుగుదొడ్డి ఎక్కడో అడగలేక, దాహమైనా నీరు త్రాగక కూర్చునే బాలికలున్నారు.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన విద్యార్థులకు కొరత లేదు. వారు ప్రధానోపాధ్యాయుల అనుమతితో జూన్‌లో మొదటి రెండు వారాలు, దినమునకొక గంట, ఈ పిల్లలతో కూర్చొనవచ్చును. 'జమా' అంటే కూడిక, 'తఫ్రీఖ్' అంటే తీసివేత, 'తఖ్సీం' అంటే భాగహారం అని చెప్పడానికి గొప్ప పాండిత్యం అవసరం లేదు. ఇది ఉపాధ్యాయుల పని కదా అనేవారుంటారు. నిజమే, కాని రెండు భాషలూ రాని ఉపాధ్యాయుడు ఒక్కడే ఏమి చేయగలడు? ఇటువంటి మాటలను రెండు లిపులలో ఒకే కాగితంపై అచ్చువేసి పంచవలెనని కూడా మా కోరిక. కాగితం, అచ్చు ఖర్చులు కమిటీ పెద్దలు భరించుటకు అంగీకరించినచో, వేసవి సెలవులలోనే పట్టిక సిద్ధం చేసి వారికి అందజేయగలము.