కోతకు ముందటి కాపుదల

చుట్ట నిప్పును నోటిలోపలికి త్రిప్పి పీల్చెడు అడ్డపొగ యలవాటు ఉత్తరాంధ్ర తీరగ్రామములలో, ముఖ్యముగా స్త్రీలలో, తరతరములుగా పాతుకొనియుండుటయు, ఆ వేడిమికి అంగిలి కాలి కాలి కొందఱికి రాచపుండు పుట్టుటయు విశాఖ వైద్యులు చిరకాలముగా నెఱిగినదే. 1971లో డెన్మార్కు దేశీయుడగు పిండ్‌బోర్గ్ పండితుడును ఆయన సహచరులును 10,169 మంది ఆంధ్ర గ్రామీణుల నోళ్లు పరీక్షించి ప్రకటించిన పరిశోధనము వైద్యలోకమున సుప్రసిద్ధము. వ్యాధికారణమును గూర్చి యింత విచారము జరిగిన సీమలో, శస్త్రచికిత్స పిదప గాయము చీము పట్టకుండ కాచుకొనుటను గూర్చి ప్రజలలో తగినంత చర్చ లేకుండుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది.

నోటి గాయమునకు కట్టు కట్టుటకు వీలులేదు. లాలాజలము దానిని నిరంతరము తడుపుచునే యుండును. అందు వందలాది జాతుల సూక్ష్మజీవులు నివసించును. దవడ కోతతోపాటు మెడలోని గ్రంథులను గూడ తీసివైచినపుడు, లోపలి కుట్టు వదలినచో ఉమ్మి మెడలోనికి దిగి, చీము నిండి, కడకు చర్మమును చీల్చుకొని బయటికి కారును. మంచము పట్టుట యొక్కటే యచట నష్టము కాదు: రేడియేషను అవసరమైనవారికి అది ఆఱు వారములలోపల ఆరంభము కావలసియుండగా, గాయము మానక ఆ గడువు దాటిపోయి, కేన్సరు మరల తలయెత్తు భయము హెచ్చును.

బలమైన ఆంటీబయాటిక్‌లను పదిదినములు వాడినచో చాలునని బంధువులు తలంచుట సహజము; అయినవారి బాధ చూచువారికి మందు ఎంత యిచ్చినను తక్కువగనే తోచును. కాని ఆ మందు కోతకు ముందు గంటలోపల నరమునకెక్కి, సుదీర్ఘ శస్త్రక్రియలో మరల పడి, ఇరువదినాలుగు గంటలలో ఆగిపోవుటయే మేలు. అటుపై సాగదీసినచో అధికఫలము కానరాదు సరికదా, మందులకు లొంగని క్రిములు ప్రబలును. చీము పట్టిన పిదప చేయు చికిత్స వేఱు.

కాపుదలలో పెద్దపాలు కోతకు ముందటి దినములలోనే యున్నది. పండ్ల గార తీయించవలెను, పుచ్చిన పండ్లకు చికిత్స చేయించవలెను, చుట్టను వ్యాధి తెలిసిన నాడే మానిపించవలెను, చక్కెర వ్యాధిని అదుపునకు తేవలెను. ఆహారము సంగతి మఱింత శోచనీయము: నమలలేక నెలల తరబడి చోడి అంబలితోనే ప్రొద్దుపుచ్చిన ముదుసలి దేహమునకు కోత అతుకుకొను శక్తి యెక్కడనుండి వచ్చును? గ్రుడ్డు, పాలు, పప్పుకట్టు చేర్చవలెను. మ్రింగలేనిచో ముక్కుగొట్టము ద్వారా నైనను పోషణ జరుగవలెను. అంగిలి తీసిన పిదప రంధ్రమును మూయుటకు పెట్టు పలకను ప్రతి భోజనానంతరము కడుగుకొనుటను గూడ రోగికిని ఇంటివారికిని ముందుగనే నేర్పవలెను.

2007లో ఆరోగ్యశ్రీ పేర వెలసిన పథకము పేదలకు శస్త్రచికిత్సను అందుబాటులోనికి తెచ్చినది. అట్టి పథకములలో ఈ పూర్వసన్నాహమునకును శస్త్రక్రియతో సమానమైన స్థానము ఈయవలెనని నా వాదము. విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్)లోనైనను, అగనంపూడి హోమీ భాభా కేన్సరు ఆసుపత్రిలోనైనను, సోంపేట నుండియో పాడేరు నుండియో వచ్చిన రోగికి, వ్యాధి నిర్ణయమైన దినముననే శస్త్రవైద్యుని చీటితోపాటు దంతవైద్యుని చీటియు, ఆహారనిపుణుని చీటియు చేతికందునట్లు చేయుటకు క్రొత్త భవనములు అక్కఱలేదు, విదేశీ యంత్రములును అక్కఱలేదు.