అరుదే కానీ... ఆలస్యమైతే ముప్పే

ముక్కు దిబ్బడ వేస్తే జలుబనీ, తల బరువెక్కితే సైనస్ అనీ సరిపెట్టుకోవడం అందరికీ అలవాటే. అత్యధికుల విషయంలో అది నిజం కూడా. అయితే సరిగ్గా ఇవే లక్షణాల చాటున అతి కొద్దిమందిలో ఒక క్యాన్సర్ దాగి ఉంటుంది. ముక్కు లోపలి భాగంలోనూ, దాని చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులైన సైనస్‌లలోనూ పుట్టే క్యాన్సర్ ఇది. వ్యాధి అరుదైనదే. కానీ ఆ అరుదుదనమే రోగికి శాపంగా మారుతోంది. ఎవరూ అనుమానించకపోవడంతో నెలల కాలం వృథా అవుతోంది.

లెక్కల్లో ఎంత?

తల, మెడ భాగాల్లో వచ్చే క్యాన్సర్లన్నింటిలో వీటి వాటా 3 నుంచి 5 శాతం మాత్రమే. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం ఏడాదికి లక్ష మందిలో ఒక్కరికైనా సోకదు. అమెరికా మొత్తం మీద ఏటా కొత్తగా బయటపడే కేసులు సుమారు 2,000. ఆ లెక్కనే మనకూ అన్వయిస్తే 20 లక్షల జనాభా గల జిల్లాలో ఏడాదికి 20 మందికి లోపే. స్త్రీలకంటే పురుషుల్లో దాదాపు రెట్టింపు. రోగుల్లో ఎక్కువమంది 55 ఏళ్లు దాటినవారే. సైనస్‌లలో పుట్టే క్యాన్సర్లలో ఎక్కువ భాగం చెంప ఎముకలోని సైనస్‌లోనే మొదలవుతాయి. నుదుటి సైనస్‌లో రావడం చాలా అరుదు.

కుర్చీల పట్టణం చెప్పిన పాఠం

ఇంత తక్కువ సంఖ్యలో వచ్చే వ్యాధికి కారణం పట్టుకోవడం కష్టం. ఆ పని ఇంగ్లండులోని హై వికమ్ పట్టణంలో జరిగింది. కుర్చీల తయారీకి పేరుపడిన ఊరది. అక్కడి ఈఎన్‌టీ శస్త్రవైద్యురాలు ఎస్మే హ్యాడ్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ వైద్యుడు మాక్‌బెత్ తదితరులు 1960లలో ఒక వింతను గమనించారు. ముక్కు క్యాన్సర్‌తో వస్తున్నవారిలో ఫర్నిచర్ కార్మికులే ఎక్కువ. గ్రంథి కణాల నుంచి పుట్టే ఒక రకం క్యాన్సర్ వారిలో సాధారణ జనం కంటే వందల రెట్లు అధికమని తేలింది. కారణం గట్టి కలపను కోసి, నునుపు చేసేటప్పుడు లేచే సన్నని ధూళి. దాన్ని పీల్చిన దశాబ్దాల తర్వాత వ్యాధి బయటపడేది. 1969లో బ్రిటన్ దీన్ని వృత్తి వ్యాధిగా గుర్తించి పరిహారానికి వీలు కల్పించింది. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కలప ధూళిని మానవులకు క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. తోలు ధూళి, నికెల్ శుద్ధి పరిశ్రమ, పొగాకు కూడా కారణాల్లో ఉన్నాయి.

మన ఊళ్లలో కలప కోత మిల్లుల్లో, వడ్రంగుల దుకాణాల్లో యంత్రాలు పెరిగాయి. ముక్కుకు అడ్డుగా తువ్వాలు గుడ్డ కూడా లేకుండా పనిచేసేవారు ఎందరో. వారిలో ప్రతి ఒక్కరికీ ఈ వ్యాధి వస్తుందని భయపడనక్కరలేదు. కానీ ధూళిని లాగేసే పరికరం, సరైన మాస్కు ఖర్చు దండుగ కాదని హై వికమ్ అనుభవం చెబుతోంది.

బతికే అవకాశం ఎంత?

అన్ని దశలనూ కలిపి చూస్తే అమెరికాలో రోగనిర్ధారణ అయ్యాక అయిదేళ్లు జీవిస్తున్నవారు సుమారు 60 శాతం. ఈ సగటు మాత్రం అసలు సంగతిని దాచేస్తుంది. కణితి పుట్టిన చోటే ఉండగా గుర్తిస్తే 80 శాతానికి పైగా అయిదేళ్లు దాటుతున్నారు. చుట్టుపక్కలకు పాకాక గుర్తిస్తే అది సగానికి పడిపోతోంది. క్యాన్సర్ రకాన్ని బట్టి కూడా తేడా ఉంది. ముక్కు లోపలి పొరలో వచ్చే మెలనోమా చాలా మొండిది.

ఈ వ్యాధి దూర అవయవాలకు పాకి ప్రాణం తీయడం తక్కువ. పుట్టిన చోటే తిరగబెట్టడం ఎక్కువ. కంటికి, మెదడుకు, సైనస్‌లకు మధ్య ఉన్నది పలుచని ఎముక గోడే. ఈ సామీప్యం ఎంత ప్రమాదకరమో 2021లో కొవిడ్ అనంతరం బ్లాక్ ఫంగస్ విజృంభించినప్పుడు తెలుగు జిల్లాలూ చూశాయి. కంటి లోపలి కొన నుంచి దవడ మూల వరకు ఒక ఊహారేఖ గీసి, దానికి పైన ఉన్న కణితులు మరింత ప్రమాదకరమని స్వీడన్ వైద్యుడు ఓన్‌గ్రెన్ 1930లలోనే చెప్పారు. నేడు ఎండోస్కోపీ శస్త్రచికిత్స, కంటిని కాపాడుతూ గురిచూసి ఇచ్చే రేడియేషన్ అందుబాటులోకి వచ్చాయి. అయినా ముదిరిన కణితి ముందు వాటికీ పరిమితులున్నాయి.

జాప్యం ఎక్కడ?

తొలుత మందుల దుకాణంలో మాత్రలు. తర్వాత స్థానిక వైద్యుడి వద్ద మళ్లీ మళ్లీ యాంటీబయాటిక్స్. పై పన్ను కదిలితే పంటి వైద్యుడు, కన్ను ఉబ్బితే కంటి వైద్యుడు. ఇలా గడపలు మారేలోగా గది నిండి గోడ దాటుతుంది. మన దేశంలో ఎక్కువమంది ముదిరిన దశలోనే పెద్దాసుపత్రులకు చేరడానికి ఇదే కారణం. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు క్యాన్సర్ చికిత్స భారాన్ని చాలావరకు తగ్గించాయి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే వంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రులూ ఉన్నాయి. కానీ పథకం వర్తించేది రోగం పేరు తేలాకే. పోయిన నెలలను ఏ పథకమూ తిరిగి ఇవ్వలేదు.

గుర్తు ఒక్కటే

మామూలు జలుబు, సైనస్ బాధ సాధారణంగా రెండు వైపులా ఉంటాయి. కొద్ది వారాల్లో తగ్గుతాయి. ముక్కు ఒకే వైపు మూసుకుపోయి తెరుచుకోకపోవడం, ఆ వైపు నుంచే తరచూ రక్తం రావడం, చెంప తిమ్మిరెక్కడం, కారణం లేకుండా పై పళ్లు కదలడం, ఒక కంటి నుంచే నీరు కారడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం వంటివి అనుమానించదగ్గవి. ఇవి మూడు, నాలుగు వారాలకు మించి కొనసాగితే ఈఎన్‌టీ నిపుణుడు ఎండోస్కోపీతో లోపల చూడాలి. అవసరమైతే సీటీ స్కాన్, ముక్క పరీక్ష చేయాలి. వీరిలో అత్యధికులకు క్యాన్సర్ ఉండదు. ఉన్న ఆ కొద్దిమందికి మాత్రం ఈ ఒక్క పరీక్ష ఎప్పుడు జరిగిందన్నదే ప్రాణాన్ని నిర్ణయిస్తుంది. జిల్లా ఆసుపత్రుల్లో ఎండోస్కోపీ పరికరం, దాన్ని వాడే నిపుణుడు నిత్యం అందుబాటులో ఉండేలా చూడటం ప్రభుత్వాల బాధ్యత.