కొండెక్కిన సిగ్నలు

మా నాన్నగారు పాడేరు ఏజెన్సీలో చాలా ఏళ్ళు బడిపంతులుగా పనిచేశారు. ఐదో తరగతి దాకా నా చదువు అక్కడే, ఆ కొండల మధ్యనే. తరవాత విశాఖపట్నం, హైదరాబాదు, చివరికి అందరిలాగే ఎమ్మెస్ పేరుతో అమెరికా. ఇప్పుడు డాలస్‌లో కన్సల్టెంటుని. క్లయింటు సర్వరు అయిదు నిమిషాలు ఆగితే అర్ధరాత్రయినా సరే నా ఫోను మోగుతుంది. ఈ మాట ఇక్కడ ఎందుకు చెబుతున్నానో తరవాత మీకే తెలుస్తుంది.

2017లో మేం ఏడుగురు స్నేహితులం తలా కొంత వేసుకుని, నాన్నగారు పనిచేసిన ఊరి బడికి పది ట్యాబ్లెట్లు, ఒక ప్రొజెక్టరు, తెలుగు పాఠాలు నింపిన ఒక చిన్న సర్వరు పంపించాం. ఫోటోలు వచ్చాయి. వాట్సాప్ గ్రూపులో మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం. ఆ తరవాత ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం.

ఆ మధ్య సంక్రాంతి సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు ఆ ఊరు ఒకసారి చూసొద్దామనిపించింది. పాడేరు నుంచి జీపులో రెండు గంటలు, ఆపైన గంట నడక. కాఫీ పళ్ళు కోసే రోజులు. నాన్నగారి దగ్గర చదువుకున్న ఒకాయన ఎదురొచ్చి, "మాస్టారి అబ్బాయివి కదూ!" అంటూ ఇంటికి తీసుకెళ్ళాడు. మొహమాటపడుతూనే ట్యాబ్లెట్ల సంగతి అడిగాను.

"భద్రంగా ఉన్నాయి బాబూ. పాడైపోతాయని బీరువాలో పెట్టి తాళం వేశాం," అన్నాడు.

వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. మొదటి వానాకాలంలోనే ఛార్జింగు బోర్డు కాలిపోయిందట. బాగుచేసే మనిషి ఊళ్ళో లేడు. ఎవరికి చెప్పాలో మేం చెప్పలేదు. చెప్పినా, ఫోను చెయ్యడానికి ఊళ్ళో సిగ్నలు లేదు. సిగ్నలు కావాలంటే ఊరి వెనక గట్టు ఎక్కాలి. మన భాషలో దీపం ఆరిపోతే కొండెక్కింది అంటాం. అక్కడ సిగ్నలు నిజంగానే కొండెక్కి కూర్చుంది!

"ముందు రోడ్డు, ఆస్పత్రి చూడండి. ఇంటర్నెట్టు తరవాత చూసుకోవచ్చు," అని మనలో చాలామంది అంటారు. నేనూ అన్నవాణ్ణే. నిండు గర్భిణిని డోలీలో మోసుకెళ్ళే ఊళ్ళు ఇంకా ఉన్న చోట ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఇంటర్నెట్టు ఆ ఊరి గడప తొక్కకముందే, దాని అవసరం వచ్చి కూర్చుంది. రేషను బియ్యానికి వేలిముద్ర యంత్రం ఒప్పుకోవాలి. పిల్లవాడి స్కాలర్‌షిప్పుకి ఆధార్ లింకు కావాలి. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పని దగ్గర రోజుకి రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో హాజరు వెయ్యడం తప్పనిసరి చేశారు. సిగ్నలు లేకపోతే ఫోటో దాచుకుని తరవాత ఎక్కించవచ్చు, నిజమే. ఆ ఎక్కించడానికి గట్టెక్కేది ఎవరు? ఫోటో ఎక్కకపోతే కూలి పోయేది ఎవరికి? నగరంలో ఇంటర్నెట్టు సౌకర్యం. అక్కడ అది లేకపోవడం ఒక జరిమానా.

ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదని అనను. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లోని 7,287 గ్రామాలకి 4జీ ఇవ్వాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. 2022 జులైలో దేశం మొత్తం మీద మరో 24,680 గ్రామాలకి 26,316 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీద కూడా టవర్లు లేస్తున్నాయి. సంతోషమే.

అయితే టవరంటే ఇనప స్తంభం ఒక్కటే కాదని మనకి తెలుసు. దాన్ని బయట ప్రపంచంతో కలిపే లింకు ఒకటుండాలి. కొండల్లో ఫైబరు కష్టం. మైక్రోవేవ్ అయితే ఒక టవరుకి ఇంకో టవరు కనిపించాలి. భూస్థిర ఉపగ్రహమైతే 36,000 కిలోమీటర్లు పైకీ కిందికీ తిరిగేసరికి ప్రతి మాటకీ దాదాపు పావుసెకను ఆలస్యం. ఇక కరెంటు. గాలివానకి లైను తెగితే బ్యాటరీలు కొన్ని గంటలు మోస్తాయి. ఆ తరవాత టవరూ కొండెక్కుతుంది. అప్పుడు ఎవరొస్తారు? ఎన్నాళ్ళకి వస్తారు? అసలు ప్రశ్న అది.

దీనికి జవాబు దొరికిన ఊళ్ళు లేకపోలేదు. ఇండొనేసియాలో పాపువా కొండల్లో బొకొండిని అనే మారుమూల ఊరుంది. దగ్గరలోని సెల్ కవరేజికి నాలుగు గంటల ప్రయాణం. 2013 ఫిబ్రవరిలో బర్కిలీ పరిశోధకులు అక్కడి వాళ్ళతో కలిసి ఒక బుల్లి సెల్ నెట్‌వర్కు పెట్టారు. ఎవరూ మాట్లాడనప్పుడు కరెంటు ఆదా చెయ్యడానికి టవరు నిద్రపోతుంది. కొన్ని నెలల్లోనే 187 మంది చేరారు. నేను ముచ్చటపడింది ఆ సాఫ్ట్‌వేరుకి కాదు. ఫోను క్రెడిట్ అమ్మేదీ, బాగోగులు చూసేదీ ఆ ఊళ్ళోవాళ్ళే కావడం నాకు నచ్చింది.

అంత దూరం ఎందుకు, మనముంటున్న దేశంలోనే చూడండి. కెంటకీ రాష్ట్రంలో, అపలేచియన్ కొండల్లో మెకీ అనే చిన్న ఊరుంది. బొగ్గు గనులు, పొగాకు పోయాక బీదరికం మిగిలిన ప్రాంతం. పెద్ద కంపెనీలకి అక్కడ లాభం కనిపించలేదు. జనమే సభ్యులుగా 1950లలో పెట్టుకున్న టెలిఫోను సహకార సంఘం ఫెడరల్ అప్పులూ గ్రాంట్లూ తెచ్చి, ఆ చుట్టుపక్కల రెండు కౌంటీల్లో ఇంటింటికీ ఫైబరు వేసింది. లారీ ఎక్కలేని చోట్ల ఓల్డ్ బబ్ అనే కంచరగాడిద చేత కేబులు లాగించారు! ఇప్పుడు అక్కడివాళ్ళు ఎంతోమంది కస్టమర్ సర్వీసు ఉద్యోగాలు ఇంట్లో కూర్చునే చేసుకుంటున్నారు. లైను తెగితే బాగుచేసేవాడు పక్కింటివాడే.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాటకి వస్తాను. సపోర్టు టీము లేకుండా మనం ఏ సిస్టమునైనా ప్రొడక్షన్లోకి వదులుతామా? క్లయింటు ఊరుకుంటాడా? మరి సొంత ఊరి బడికి మాత్రం పెట్టెలు పంపించి, ఫోటో తీయించుకుని చేతులు దులుపుకోవడం ఏం ఇంజనీరింగు? ఆ బీరువా తాళం వేసింది వాళ్ళు కాదు, మేమేనని నాకు తిరుగు ప్రయాణంలో అర్థమైంది.

నా సూచన చిన్నదే. పది మంది కలిసి నెలకి ముప్ఫై డాలర్లు వేస్తే పాతిక వేల రూపాయలు దాటుతుంది. దాంతో వస్తువులు కొనకండి. ఆ ఊళ్ళోనే ఇంటర్ చదివిన అమ్మాయికో అబ్బాయికో మూడేళ్ళ జీతంగా ఇవ్వండి. సోలారు బ్యాటరీ మార్చడం, రూటరు సరిచెయ్యడం, బడిలో ట్యాబ్లెట్లు నడిపించడం, అప్లికేషన్లు నింపిపెట్టడం ఆ మనిషి పని. 2020 డిసెంబరులో ఆమోదించిన పీఎం-వాణి పద్ధతిలో చిన్న కొట్టువాడు కూడా లైసెన్సు లేకుండా వైఫై అమ్ముకోవచ్చు. మండల కేంద్రంలో ఫైబరు ఉండి, గట్టు మీంచి అది కనిపిస్తే, ఇంజనీరింగు చదివిన మనం కూడా ఆ లింకుకి సాయపడగలం.

దీంతో ఊరు బంగారమైపోతుందా? అవదు. 1997–2001 మధ్య కేరళ తీరానికి సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు జాలర్ల లాభం 8 శాతం పెరిగిందనీ, కొనేవాళ్ళకి చేప ధర 4 శాతం తగ్గిందనీ రాబర్ట్ జెన్సెన్ 2007లో లెక్కకట్టి చూపించాడు. కానీ ఆ జాలరికి పడవ ఉంది. ఈ రేవులో ధర లేకపోతే ఇంకో రేవుకి పోగలడు. మన కాఫీ రైతుకి సంతలో ధర తక్కువని ఫోనులో తెలిసినా, ఇంకో సంతకి బస్తా మొయ్యాలంటే రోడ్డుండాలి. అరకు కాఫీ పేరుతో 2017లో పారిస్‌లో కొట్టు తెరిచారు. 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పేరులో తన వాటా ఎంతో రైతు అడగాలంటే రోడ్డూ కావాలి, ఫోనూ కావాలి. ఒకటి ముందా ఇంకొకటి ముందా అన్న వాదన, రెండూ ఉన్న మనం చేసేది.

మా ఏడుగురిలో నలుగురు ఒప్పుకున్నారు. ఇంకో ఆరుగురిని వెతుకుతున్నాం. ఆ ఊరమ్మాయి ఒకావిడ, డిగ్రీ మధ్యలో ఆగిపోయి ఇంట్లో ఉంది, పని చేస్తానంది. బీరువా తాళం ఆవిడకిమ్మని చెప్పాం. పది ట్యాబ్లెట్లలో ఎన్ని పనిచేస్తాయో ఆవిడే చూసి గట్టెక్కి ఫోను చేస్తానంది. ఈసారి ఆ ఫోను అర్ధరాత్రి మోగినా నేను లేచి మాట్లాడాలి.