పందెపు కారు కూత

2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగరు తీరమున 'ఫార్ములా ఇ' యను విద్యుత్కార్ల పందెము జరిగెను. దానిని టెలివిజనులో చూచిన ఆదోని సోదరి యొకరు, "పెట్రోలు ఇంజనే లేని బండికి ఆ కీచుమను కూత యెక్కడిది?" అని మమ్ము ప్రశ్నించిరి. మంచి ప్రశ్న.

ఎమ్మిగనూరులో మగ్గము చెంత నిలిచి వినుడు. ఒక్కొక్క దెబ్బ వేరువేరుగా వినవచ్చును. దెబ్బలు సెకనుకు సుమారు 20 మించినచో చెవి వానిని విడదీయజాలదు. అవన్నియు కలిసి యొకే స్వరమగును. కారులో పండ్ల చక్రములు ఒకదానినొకటి త్రిప్పుచుండును. 20 పండ్లుగల చక్రము సెకనుకు 100 సారులు తిరిగెనేని, పన్నును పన్ను 2000 పర్యాయములు తాకును. అదియే ఆ కూత. వేగము హెచ్చిన కొలది శ్రుతియు హెచ్చును. విద్యుత్ మోటారును తన వంతు కొంత కూయును. పెట్రోలు బండిలో ఇంజను గర్జన దీనిని చాలవరకు కప్పివేయును.

మన యింటి కార్లలో పండ్లు ఏటవాలుగా కోయబడియుండును. ఒక పన్ను విడువక మునుపే రెండవది మెల్లగా ఒరసికొనుచు పట్టుకొనును. కావున చప్పుడు అణగును. కాని ఏటవాలు పన్ను ఇరుసును ప్రక్కకు నెట్టును. ఆ నెట్టును తప్పించుటకు పెక్కు పందెపు కార్లలో నిటారు పండ్లు వాడుదురు. అవి వెడల్పంతయు ఒక్కసారిగా తాకును. బరువు తగ్గించుటకై చప్పుడును మ్రింగు మెత్తలను గూడ తీసివేయుదురు. ఇంటి కారును వెనుకకు నడుపునపుడు కుయ్యిమనుట మీరు వినియేయుందురు. అనేక కార్లలో వెనుక గేరునకు నిటారు పండ్లే యుండును.

కావున కూతయెల్ల రోగము కాదు. నిన్న లేని కూత నేడు వినబడినచో మాత్రము, కుట్టుమిషను గాని రుబ్బుడు యంత్రము గాని, వెంటనే ఆపి చూపింపవలయును. నూనె యెండియుండవచ్చును, పన్ను అరిగియుండవచ్చును.

సోదరీమణులారా, యంత్రపు పన్ను అరిగినచో మార్చవచ్చును. మన లోపలిచెవిలోని సన్నని రోమకణములు నశించినచో మరల మొలవవు. ఆదోని ప్రత్తి జిన్నింగు మిల్లులలో యంత్రముల నడుమ పనిచేయు స్త్రీలెందరో కలరు. మూరెడు దూరమున నున్న వారితో సైతము కేకవేసి మాటాడవలసివచ్చిన చోట ఆ రొద చెవికి హాని చేయునని తెలియవలయును. ఇంటికి వచ్చిన పిదప చెవులలో గుయ్యిమను మ్రోత నిలిచియున్నచో అది మొదటి హెచ్చరిక. చేతికందిన దూదిని చెవిలో క్రుక్కుకొనుట చాలదు. దూది రొదను మిక్కిలి కొంచెమే ఆపును. చెవులకు తగిన మూతలను అడిగి పుచ్చుకొనుడు. అవి యజమానుని దయ కాదు, ఆయన విధి. పందెపు కారు కూత కొంతసేపటికి ఆగిపోవును. చెవిలో పుట్టిన కూత యొక్కొక్కప్పుడు జీవితాంతము ఆగదు.